ఉత్తరం చివర దాచిన కోరిక

గుంటూరు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమె వయసు 62. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పారు. భర్తకు 67. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి, ఉద్యోగ జీవితమంతా సాగర్ కుడి కాలువ గట్ల మీద జీపులో తిరిగిన మనిషి. మూడేళ్ల కిందట ఆయన గుండెకు స్టెంటు వేశారు.

పెళ్లయిన కొత్తలోనే రాజస్థాన్ చూసిరావాలని ఇద్దరూ అనుకున్నారు. ఇంటి అప్పు, అమ్మాయి పెళ్లి, అత్తగారు మంచాన పడటం, ఏటా ఏదో ఒకటి అడ్డం వచ్చింది. ఇప్పుడు ఆయన పట్టుబట్టారు. సొంత కారులో, తానే నడుపుతూ, గుంటూరు నుంచి జైసల్మేర్ దాకా వెళ్లి, మళ్లీ కారులోనే తిరిగి రావాలట. ఎడారిలో ఇందిరాగాంధీ కాలువ పక్కన కారు నడపాలన్నది ఆయన ఏనాటి నుంచో చెబుతున్న మాట. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి ససేమిరా అంటున్నాడు. విమానం టికెట్లు, నాలుగు రోజుల ప్యాకేజీ తానే కొనిపెడతానంటున్నాడు. అలాంటి బస్సు యాత్ర ఒకటి వీరు స్టెంటుకు ముందు చేసి వచ్చారు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి, ఒక్కో చోట 40 నిమిషాలు మాత్రమే ఆపేవారట. మోకాళ్ల నొప్పితో గుంపు వెంట నడవలేక ఈమె సగం చోట్ల బస్సులోనే కూర్చుండిపోయారు. అమ్మాయేమో "ఈ వయసులో కోటలెందుకమ్మా, కాశీ వెళ్లి రండి" అంటోంది.

రెండు నెలలుగా తండ్రీకొడుకులు నేరుగా మాట్లాడుకోవడం లేదు. ఇద్దరి మాటలూ ఈమె ద్వారానే నడుస్తున్నాయి. కారు తాళాలు దాచేయమని కొడుకు చెప్పాడు. "దాచితే ఆయన దృష్టిలో చెడ్డదాన్నవుతాను. దాచకపోతే, రేపు ఏదైనా జరిగితే పిల్లల దృష్టిలో చెడ్డదాన్నవుతాను. నేను ఎవరి పక్షాన నిలబడాలి?" ఇదీ ఆమె ప్రశ్న. సంతకం పెట్టాక, కాగితం అడుగున మిగిలిన కాస్త చోటులో రాజస్థాన్‌లోని చిత్తోడ్ కోట గురించి ఇంకొక వాక్యం రాశారు. "ఇన్నేళ్లు పిల్లలకు చిత్తోడ్ ముట్టడి పాఠం చెప్పాను, చిత్తోడ్ మాత్రం చూడలేదు."

టీచరుగారూ,

మీ ఉత్తరం చదవడం ఆ చివరి వాక్యం దగ్గర పూర్తయింది. నా ఆలోచన అక్కడే మొదలైంది. ఆరు పేజీల్లో మీవారి రక్తపోటు ఉంది, అబ్బాయి కోపం ఉంది, అమ్మాయి సలహా ఉంది, కారు టైర్లు ఎప్పుడు మార్చారో కూడా ఉంది. మీకేం కావాలో మాత్రం సంతకం కింద పడింది. మీ ఇంట్లో జరుగుతున్న వాదనలోనూ దాని స్థానం అదేనని నాకు అనిపిస్తోంది. అందుకే ఎవరి పక్షాన నిలబడాలి అన్న మీ ప్రశ్నను కాసేపు పక్కన పెడుతున్నాను. ఇక్కడ పక్షాలు రెండు కావు, మూడు. మూడోది మీది.

ముందుగా తాళాల సంగతి. దాచకండి. దాస్తే ఆయన వెతుక్కుంటారు, దొరుకుతాయి, లేదా అడుగుతారు, మీరు అబద్ధం చెప్పవలసి వస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషికి తన శరీరం మీద అనుమానం అప్పటికే ఉంటుంది. ఇంట్లోవాళ్లు తాళాలు దాచారని తెలిసిన రోజు ఆ అనుమానం స్థిరపడిపోతుంది. నా దగ్గరివారి ఇంట్లో ఇది చూశాను. ఆ పెద్దాయన ఆ తరువాత కారు అడగలేదు, సాయంత్రం నడకకు వెళ్లడం కూడా మానేశారు.

అబ్బాయి మాట దురుసుగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ మీరే రాసిన ఒక విషయం చూడండి. మూడేళ్ల కిందట నాన్నకు గుండెనొప్పి వచ్చిన రాత్రి అతను హైదరాబాద్ నుంచి బయలుదేరి ఐదు గంటలు దారిలో ఉన్నాడు. ఆ ఐదు గంటల్లో ఏమవుతుందో తెలియకుండా కూర్చున్నవాడికి 'జైసల్మేర్' అన్న పేరు ఎలా వినిపిస్తుంది? అతను వద్దంటున్నది మీ యాత్రను కాదు, ఆ రాత్రి మళ్లీ రావడాన్ని. ఈ భయాన్ని వాదించి పోగొట్టలేం. దానికి ఒక పని అప్పగించాలి. ఆ పని ఏమిటో కింద చెబుతాను.

ఇక మీవారు అడుగుతున్న ప్రయాణం ఎంతటిదో అంకెల్లో చూద్దాం. హైదరాబాద్, నాగపూర్, భోపాల్, కోటా మీదుగా జైపూర్ చేరడానికే సుమారు 1,700 కిలోమీటర్లు. రోజుకు 350 చొప్పున నడిపితే ఐదు రోజులు. జైపూర్ నుంచి జోధ్‌పూర్ 330 పైన, అక్కడి నుంచి జైసల్మేర్ 280 పైన. ఉదయ్‌పూర్, చిత్తోడ్ కలుపుకుని, తిరుగు దారి కూడా లెక్కేస్తే మొత్తం 5,000 కిలోమీటర్లు దాటుతుంది. అంటే మూడు వారాల పైమాటే. ఇందులో మంచి లేదని నేను అనను. సొంత కారులో ఆగాలనిపించిన చోట ఆగవచ్చు, మీ మోకాలికి తగిన దిండు పెట్టుకోవచ్చు, ఏ గుంపూ మిమ్మల్ని వదిలిపెట్టి పోదు. ఆయన సంతోషం సరేసరి. కానీ ఒక చిక్కుంది. ఆరేడు గంటలు కారు నడిపిన మనిషే ఆ సాయంత్రమో మరుసటి ఉదయమో కోట ఎక్కాలి. జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ 120 మీటర్ల కొండ మీద ఉంది. గుండెకు పరీక్ష కారులో ఒకటి, కోటలో ఒకటి, రెండూ వెంటవెంటనే. పైగా ఆ దారుల్లో పొద్దుగూకితే ఆవులు, నీల్‌గాయిలు, ఒంటెలు రోడ్డు మీదికి వస్తాయి. ఎంత చేయి తిరిగినవారైనా అక్కడ చీకటి పడ్డాక నడపకూడదు.

నేను డాక్టరును కాను. అందుకని ఆయన నడపవచ్చో లేదో చెప్పను. అడగవలసిన ప్రశ్న మాత్రం చెబుతాను. "రాజస్థాన్ వెళ్లవచ్చా" అని అడిగితే ఏ డాక్టరైనా "జాగ్రత్తగా వెళ్లిరండి" అంటారు. ఆ మాట పట్టుకుని ఇంట్లో ఎవరికి కావలసిన అర్థం వారు చెప్పుకుంటారు. "వరుసగా ఐదు రోజులు, రోజుకు ఆరు గంటలు కారు నడిపి, ఆ తరువాత 120 మీటర్ల కొండ ఎక్కవచ్చా?" అని అడగండి. మెట్లెక్కడం ఎంతవరకు, ఎన్ని గంటలకోసారి కారు దిగి నడవాలి, రక్తం పలచబడే మాత్రలు ఎలా కొనసాగించాలి, ప్రయాణానికి ముందు చేయించవలసిన పరీక్షలేమైనా ఉన్నాయా, ఇవి కూడా. ఈ పని అబ్బాయికి అప్పగించండి. మీరు వెళ్లకండి. తండ్రీకొడుకులిద్దరూ కలిసి ఆ కుర్చీల్లో కూర్చుని జవాబు వినాలి. డిశ్చార్జి కాగితాలు, స్టెంటు వివరాలు, ఈసీజీ నకలు అతనే ఒక ఫైలు చేసి, ఒక ప్రతి తన ఫోనులో, ఒకటి మీ సంచిలో పెట్టాలి. జైపూర్, ఉదయ్‌పూర్, జోధ్‌పూర్‌లలో పెద్ద ఆసుపత్రులున్నాయి, జోధ్‌పూర్‌లో ఎయిమ్స్ ఉంది. జైసల్మేర్ వెళ్లారంటే ఆ ఎయిమ్స్‌కు 280 కిలోమీటర్ల దూరం వెళ్లినట్టే. ఇది మీవారికీ తెలియాలి, అబ్బాయికీ తెలియాలి. తెలిశాక కూడా వెళ్దామనుకుంటే అది అందరూ కళ్లు తెరిచి తీసుకున్న నిర్ణయమవుతుంది.

డాక్టరు సరేనంటే, సొంత కారు ఇష్టాన్ని పూర్తిగా కాదనకుండా ఇంకో దారి ఉంది. మీకు తెలిసిన డ్రైవరును గుంటూరు నుంచి తోడు తీసుకువెళ్లడం. ఆయన రెండు గంటలు, అతను నాలుగు గంటలు. అయితే మూడు వారాలు ఒక కుర్రవాడి భోజనం, బస అన్నీ మీ బాధ్యత. అక్కడి దారులు అతనికీ కొత్తే. సగం మంచి, సగం చెడు. ఇంతకంటే దీని గురించి చెప్పడానికి లేదు.

నా మనసు మొగ్గేది మరోవైపు. చెన్నై నుంచి జైపూర్ వెళ్లే రైలు విజయవాడ మీదుగా పోతుంది. ఇంచుమించు ఒకటిన్నర రోజు ప్రయాణం. రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. మీ ఇద్దరి వయసుకూ కింది బెర్తుల కోటా వర్తిస్తుంది, ఫారంలో ఆ గడి మరిచిపోవద్దు. రైలు వద్దనుకుంటే హైదరాబాద్ నుంచి జైపూర్‌కు నేరుగా విమానం ఉంది. జైపూర్‌లో దిగాక అక్కడి కారు, అక్కడి డ్రైవరు. మాట్లాడుకునేటప్పుడు కొన్ని సంగతులు ముందే తేల్చుకోండి. సాధారణంగా రోజుకు కనీసం 250 కిలోమీటర్లు తిరిగినట్టు లెక్కవేస్తారు, మీరు ఒకే ఊళ్లో ఉన్నా సరే. డ్రైవరు బత్తా, టోలు, పార్కింగ్ ఎవరివో అడగండి. జోధ్‌పూర్‌లో కారు వదిలేస్తే అది ఖాళీగా జైపూర్ తిరిగి వెళ్లే ఖర్చు కూడా వేస్తారు. ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. మాట్లాడేది మీరు. మీరు హిందీ ప్రచార సభ పరీక్షలు విశారద దాకా పాసయ్యానని, మీవారికి హిందీ రాదని ఉత్తరంలో రాశారు. ఈ యాత్రలో ఇద్దరి తరఫునా నోరు మీదే.

ఇందులో మీవారు స్టీరింగ్ పోగొట్టుకుంటారు. ఆ నష్టాన్ని చిన్నది చేసి మాట్లాడకండి. కానీ ఆయనకు ఒక మాట చెప్పి చూడండి. కారు నడిపేవారి కళ్లు రోడ్డు మీద ఉండాలి. ఇందిరాగాంధీ కాలువ చూడాలంటే కళ్లు నీటి మీద ఉండాలి. పంజాబులో సట్లెజ్, బియాస్ నదులు కలిసే చోట హరికే బ్యారేజీ దగ్గర బయలుదేరి, సుమారు 650 కిలోమీటర్లు నడిచి జైసల్మేర్ జిల్లాకు చేరే కాలువ అది. 1958లో పని మొదలైంది. అంటే మన నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగిన మూడేళ్లకే. ఇసుక ఎగిరొచ్చి కాలువలో పడకుండా గట్ల పొడవునా చెట్లు పెంచారు. కుడి కాలువ గట్టు మీద జీవితం గడిపిన ఇంజనీరు దాని పక్కన కారు ఆపించి ఒక గంట కూర్చుంటే ఆయనకు కనిపించేవి మనకు కనిపించవు. స్టీరింగ్ పట్టుకుంటేనే తృప్తి అంటే, జోధ్‌పూర్ వంటి ఊళ్లలో కారు అద్దెకు ఇచ్చి మనల్నే నడుపుకోనిచ్చేవారున్నారు. డాక్టరు ఒప్పుకుంటే ఒక పూట, పగటివేళ, ఊరు దాటి ఆయనే నడిపి రావచ్చు. 5,000 కిలోమీటర్ల కోరికను 50 కిలోమీటర్లు తీర్చగలవో లేదో ఆయనే చెప్పాలి.

జైసల్మేర్ కోట కూడా ఆయనకు నీటి పాఠమే. 1156లో రావల్ జైసల్ కట్టించాడు. ఈనాటికీ లోపల జనం కాపురాలుంటున్న కోట. వాన ఎరగని చోట కట్టిన ఆ పసుపు రాతి గోడలకు ఇప్పుడు శత్రువు నీరు. ఇళ్లలోనూ హోటళ్లలోనూ కుళాయిల వాడకం పెరిగి, మురుగు కిందికి ఇంకి పునాది మెత్తబడింది, బురుజులు కొన్ని కూలాయి. అందుకే కోట లోపల గది తీసుకోవద్దని నా మాట. కింద ఊళ్లో ఉండి, పొద్దున్నే పైకి వెళ్లి చూడండి. ఊరికి నీళ్లిచ్చిన గడీసర్ చెరువు దగ్గర మీవారిని కాసేపు వదిలేయండి.

ఇప్పుడు మీ చిత్తోడ్. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ ఇంట్లో ఎవరూ ఆగలేదు. మీరు ప్రత్యేకంగా దారి వేసుకోనక్కరలేదు, మీ పాఠమే దారి. చిత్తోడ్‌లో దాది పన్నా దాయి తన బిడ్డను ఉయ్యాలలో పడుకోబెట్టి, గద్దె ఆక్రమించిన బన్‌బీర్ కత్తికి బలి ఇచ్చి, రాణా బిడ్డ ఉదయ్ సింగ్‌ను బుట్టలో దాటించిందని చెబుతారు. ఆ పిల్లవాడు పెరిగింది కుంభల్‌గఢ్‌లో. 1540లో అతని కొడుకు ప్రతాప్ పుట్టిందీ అక్కడే. ఆ ఉదయ్ సింగే 1559లో ఉదయ్‌పూర్‌కు పునాది వేశాడు. 1568లో అక్బర్ చేతిలో చిత్తోడ్ పడిపోయింది. 1576లో ప్రతాప్ హల్దీఘాటీలో అక్బర్ సేనకు ఎదురు నిలబడ్డాడు. అక్కడి మట్టి పసుపు రంగులో ఉంటుంది, ఆ పేరు అందుకే వచ్చింది. దుగ్గిరాల పసుపు చూసిన కళ్లకు ఆ రంగు ఎవరూ వివరించనక్కరలేదు. ఉదయ్‌పూర్‌లో ఒకే గదిలో నాలుగైదు రాత్రులు ఉంటే చాలు. చిత్తోడ్ 115 కిలోమీటర్లు, కుంభల్‌గఢ్ 85, హల్దీఘాటీ ఇంకా దగ్గర. పొద్దున వెళ్లి సాయంత్రానికి పిచోలా సరస్సు ఒడ్డుకు వచ్చేయవచ్చు. పెట్టె రోజూ సర్దే పని లేదు.

మీ మోకాళ్ల మాట. చిత్తోడ్ కోట ఎంత పెద్దదంటే లోపల కారులోనే తిరగాలి, ఏడు ద్వారాల గుండా వాహనం పైదాకా వెళ్తుంది. రాణా కుంభా కట్టించిన తొమ్మిది అంతస్తుల విజయస్తంభాన్ని కింద నిలబడి చూసినా కడుపు నిండుతుంది. మెహ్రాన్‌గఢ్‌లో లిఫ్టు ఉంది. జైపూర్ దగ్గర ఆమేర్‌కు జీపులు పైకి వెళ్తాయి. బికనీర్ జునాగఢ్ అసలు కొండ మీదే లేదు, సమతల నేల మీద కట్టారు. కష్టమైనది కుంభల్‌గఢ్. పైన బాదల్ మహల్ దాకా నిటారు దారి. మీరు ద్వారం దగ్గరి గుళ్లు, 36 కిలోమీటర్ల గోడలో కనిపించినంత మేరా చూసి కింద కూర్చోవచ్చు. ఈసారి ఏ బస్సూ హారన్ కొట్టదు.

రెండు ప్రాంతాలూ ఒకేసారి చూడాలంటే 14, 15 రోజులు కావాలి. అది ఎక్కువనిపిస్తే రెండు భాగాలు చేయవచ్చు, ఈ ఏడు ఉదయ్‌పూర్ వైపు, వచ్చే ఏడు ఎడారి వైపు. కానీ మీ ఇద్దరి చరిత్రలో 'వచ్చే ఏడు' అన్న మాట ఏం చేసిందో మీకు తెలుసు. కాబట్టి విడగొడితే, రెండోది ఎప్పటికీ జరగకపోయినా ఎవరు తట్టుకోగలరో ఆలోచించి మొదటిది ఎంచుకోండి. మీది ముందు కావచ్చు. అలా అనుకోవడానికి మీరు సంకోచిస్తారని తెలుసు.

మీవారు ఏదీ ఒప్పుకోక, అన్నీ మానేద్దామంటే? అప్పుడు మీరు మీ తోటి టీచర్లు ఇద్దరు ముగ్గురితో వెళ్లవచ్చు. హిందీ వచ్చు, పెన్షన్ ఉంది, పాఠం నోటికి ఉంది. కానీ ముందుగా చెప్పకుండా, కోపంలో టికెట్టు తీసుకుంటే అది ఆయనకు శిక్షలా తగులుతుంది, చిత్తోడ్‌లో కూడా మీకు అదే గుర్తొస్తుంది. ఆయనను మనస్ఫూర్తిగా పిలిచి, ఆయన రానంటే వెళ్లడం వేరు. అలా వెళ్లినా ఇంట్లో కొన్నాళ్లు మౌనం ఉంటుంది. దాన్ని భరించగలరా అన్నది మీరే చూసుకోవాలి.

మాటలు మోయడం మాత్రం ఇవాళే ఆపండి. అబ్బాయి ఫోను చేసి "నాన్నకు చెప్పు" అంటే, "ఇక్కడే ఉన్నారు, ఇస్తున్నాను" అని ఫోను ఆయన చేతికి ఇవ్వండి. మొదట నాలుగైదు సార్లు ఇబ్బందిగా ఉంటుంది, ఎవరో ఒకరు ఫోను పెట్టేస్తారు. అయినా సరే.

ఇంకో చిన్న పని. ఈ నెలలోనే ఒక ఉదయం మీ ఇద్దరూ కొండవీడు వెళ్లి రండి. 1515లో కృష్ణదేవరాయలు పట్టుకున్న కోట ఇంటికి గంట దూరంలో ఉంది. ఘాట్ రోడ్డు మీద ఆయనే నడపనివ్వండి. పైన నడవండి, కూర్చోండి. మరోవారం ఉండవల్లి గుహల మెట్లు చూడండి. ఆయన ఆయాసం, మీ మోకాలు ఎంతవరకు వస్తాయో అంచనాకు వస్తుంది. ఇద్దరూ అబ్బాయికి ఆ సంగతి దాచకుండా చెప్పండి.

సమయం గురించి. సంక్రాంతి దాటాక, మార్చి ఎండలు రాకముందు వెళ్లడం మంచిది. ఎడారిలో అప్పటికీ రాత్రిళ్లు చలి ఉంటుంది, ఇద్దరికీ స్వెట్టర్లు, ఉన్ని శాలువాలు పెట్టుకోండి. మాఘ పౌర్ణమి ముందు రోజుల్లో జైసల్మేర్‌లో ఎడారి ఉత్సవం జరుగుతుంది, గదులు దొరకడం కష్టం. అది చూడాలనిపిస్తే ముందే మాట్లాడుకోండి, వద్దనుకుంటే ఆ వారం తప్పించండి. భోజనం గురించి బెంగపడకండి. జోధ్‌పూర్ దగ్గర మథానియా మిరపకు అక్కడ గుంటూరు మిరపకున్నంత పేరుంది, కారం తినేవారి ఊరు కారం తినేవారికి పరాయి ఊరు కాదు. పెరుగన్నం ఒక్కటే వెతుక్కోవాలి.

దసరాకు పిల్లలిద్దరూ వస్తారని రాశారు. భోజనాలయ్యాక అందరూ కూర్చున్నప్పుడు, కారు మాట ఎవరూ ఎత్తకముందే, మీరు కాగితం అడుగున రాసిన ఆ వాక్యం పైకి చెప్పండి. చెప్పి ఆగండి. తరువాత మీవారిని ఆయన దగ్గరున్న పాత రాజస్థాన్ మ్యాపు తెమ్మని, బల్ల మీద పరచమనండి. ఎర్ర పెన్సిలు ఆయన చేతికి ఇవ్వండి, కాలువ గీత ఆయనే గీస్తారు. నీలం పెన్సిలు మీ దగ్గర ఉంచుకోండి.

చిత్తోడ్ చేరిన రోజు పాదన్ పోల్ దగ్గర కారు ఒక్క నిమిషం ఆపించండి. అక్కడి నుంచి రామ్ పోల్ దాకా ఏడు ద్వారాల పేర్లూ మీకు నోటికి వచ్చు. పైకి వెళ్తున్నప్పుడు ఒక్కొక్కటీ మీవారికి చెప్పండి.